పేరు చెప్పని వీణ

షార్జాలో ఒక మిత్రుడి ఇంట్లో, అలమారా మీద, ఎర్రగళ్ళ దుప్పటి చుట్టిన వీణ ఒకటి ఉండేది. అది ఆయన తల్లిగారిది. ఎనభై దాటిన ఆ పెద్దావిడకు వేళ్ళ కీళ్ళు పట్టేసి వాయించడం మానేసి చాలాకాలమైంది. ఈమధ్య మనవరాలు చదువు కోసం కెనడా వెళుతూ, వీణను కూడా తీసుకుపోతానంది. సామాను పంపించేవాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. వాయిద్యం ఎక్కడ తయారైంది, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ కర్ర, ఏనుగు దంతం వంటివి ఏమన్నా ఉన్నాయా అని అందులో ప్రశ్నలు.

"రాసెయ్యవే. బొబ్బిలి వీణ, ఏకాండం, పనసమాను" అన్నారు పెద్దావిడ. దంతం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. తెల్లగా ఉన్నదంతా దంతమేనని ఆవిడ నాన్నగారు చెప్పేవారట. దంతం ఉందని రాస్తే వీణ కదలదు. లేదని రాసి, తీరా ఉంటే సరిహద్దులో పట్టుకుని మరి ఇవ్వరు. అప్పుడు నన్ను పిలిచారు. డాక్టరు దగ్గర భూతద్దం ఉంటుంది, ఎముక సంగతి తెలిసి ఉంటుంది అన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పు కాదు.

మన సంఘంలో ఇలా దుప్పట్లలో నిద్రపోతున్న వీణలు ఇంకా కొన్ని ఉన్నాయి గనుక, ఆ నాలుగు శుక్రవారాల్లో మేము చూసిందీ, దానికోసం నేను చదివిందీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటిరోజున ఆ ఇంటి కుర్రవాడు తన గిటారు తెచ్చి చూపించాడు. పరిమితంగా వంద మాత్రమే చేసిన రకమట. గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే లోపల కాగితం అంటించి ఉంది. వందలో ఎన్నోది, ఏ సంవత్సరం, కింద ఒక సంతకం. "చూడండంకుల్, దీని జాతకం దీని కడుపులోనే ఉంది" అన్నాడు. నిజమే. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1898 నుంచీ ప్రతి గిటారుకూ వరుస సంఖ్య వేస్తూ వచ్చింది. లోపలి దిమ్మ మీది అంకె చూస్తే అది పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. ఈ దేశపు ఊద్ కూడా అలాంటిదే. అరబ్బీలో ఊద్ అంటే కర్ర అనే అర్థం. డమాస్కస్‌లోని నహాత్ కుటుంబంవారూ, ఇస్తాంబుల్‌లోని మనోల్ తమ ఊద్‌ల లోపల పేరున్న చీటీ అంటించేవారు. అబుధాబిలో 2008లో పెట్టిన బైత్ అల్ ఊద్‌లో వాయించడంతోపాటు ఊద్ చేయడం కూడా నేర్పుతున్నారు. చేసినవాడి పేరు వాయిద్యంలో ఉండడం అక్కడ సహజమైన సంగతి.

అయితే చీటీని నమ్మి మోసపోయినవాళ్ళూ ఉన్నారు. మన తెలుగు ఇళ్ళలో తాతలనాటి ఫిడేలు ఉంటే, దాని పొట్టలో టార్చి వేసి చూడండి. "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్" అని లాటిన్‌లో కనిపించవచ్చు. అది చూసి కోటీశ్వరులమైపోయామని ఉత్తరాలు రాసుకున్న కుటుంబాలున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలోనూ, బొహీమియాలోనూ ఇలాంటి ఫిడేళ్ళను వేలకొద్దీ చేసి, ఆ పేరు అచ్చువేసిన చీటీలు అంటించారు. అది మోసం చేయాలని కాదు, ఫలానా నమూనా అని చెప్పడానికి. పక్కన "జర్మనీ" అని కూడా ఉంటే ఇంకొక మేలు. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం వల్ల దిగుమతి సరుకు మీద దేశం పేరు వేయాల్సివచ్చింది. కాబట్టి దేశం పేరు ముద్రించి ఉన్నది సాధారణంగా ఆ తరువాతిదే అవుతుంది. గొప్ప పేరు చెప్పని నిజాన్ని ఆ చిన్న ముద్ర చెబుతుంది.

అసలు స్ట్రాడివరి ఫిడేళ్ళకు కూడా ఈ తగాదా తప్పలేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో "మెసయ్య" అనే ఫిడేలుంది. లోపల 1716 అని ఉంటుంది. అది అసలుదేనా అని 1990ల చివర పెద్ద వాదం నడిచింది. చివరికి పైపలక కర్రలోని వలయాలు లెక్కపెట్టారు. కనిపించిన వాటిలో ఆఖరి వలయం 1680లలోది. అంటే ఆ చెట్టు అప్పటిదాకా బతికే ఉంది, ఫిడేలు ఆ తరువాతే పుట్టింది. చీటీలోని సంవత్సరానికి ఇది అడ్డు రాలేదు. అంతమాత్రాన ఫలానావాడే చేశాడని వలయాలు చెప్పలేవు. ఆధారం ఏది దొరికినా, అది ఎంతవరకు మాట్లాడుతుందో అక్కడే ఆపాలి. రోగి ఛాతీ పటం చూసి ఇంటిపేరు చెప్పలేం గదా!

మన వీణ దగ్గర ఈ దారులన్నీ మూసుకుపోతాయి. చీటీ లేదు, సంఖ్య లేదు. పనస కర్రలో వలయాలు స్పష్టంగా ఉండవు. చలిదేశపు చెట్టులా ఏడాదికొక గీత గీసుకునే అలవాటు దానికి లేదు. ఇక మిగిలింది వీణ శరీరాన్నే పరీక్ష చేయడం.

అందులోనూ ఏది అసలుది, ఏది మారింది అన్నది ముందు తేల్చుకోవాలి. తీగలు ఎలాగూ మారుతుంటాయి. మెట్లు ఇరవైనాలుగూ ఇత్తడివి, నల్లపొడి కలిపిన తేనెమైనంలో కూర్చుంటాయి. కొన్నేళ్ళకొకసారి మేళం కట్టించుకోక తప్పదు. ఈ దేశంలో అయితే మరీ త్వరగా. తేనెమైనం సుమారు 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలాముందే మెత్తబడుతుంది. జూలై ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన కారు లోపల ఆ వేడి ఏమంత అరుదు కాదు. ఒక వేసవిలో ఈ వీణ మెట్లు కొన్ని అలాగే జారిపోయాయని, ఒకరు వచ్చి మళ్ళీ కట్టారని పెద్దావిడ చెప్పారు. దండి చివర తగిలించే బుర్ర ఒకప్పుడు ఎండిన సొరకాయ. ఇప్పుడున్నది కాగితపు గుజ్జుతో చేసినది. మరతో బిగించేదే గనుక ఎప్పుడైనా మార్చవచ్చు. బిరడాలు కూడా అంతే. ఇక పుట్టుక చెప్పగలిగినవి కుండ, దండి, పైపలక, యాళి ముఖం.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఈనాటి వీణకు ఇరవైనాలుగు మెట్లు స్థిరంగా అమర్చిన ఖ్యాతి తంజావూరు నేలిన రఘునాథ నాయకునిది అంటారు. ఆయన ఏలుబడి 1600 నుంచి 1634 వరకు. ఆస్థాన భాష తెలుగు, ఆయనా తెలుగు కవి. అలా చూస్తే తంజావూరు వీణకు కూడా పుట్టింటి భాష తెలుగే! ఆ వీణ తరువాత ఊరూరా స్థిరపడి, ఏ ఊరి వడ్రంగం ఆ ఊరి పోకడ పోయింది. తంజావూరిలో పనసకర్రతో కుండ, దండి, యాళి వేరువేరుగా చేసి అతికే పద్ధతీ ఉంది, ఒకే మానులో తొలిచే పద్ధతీ ఉంది. మైసూరు వైపు జిట్రేగి కర్ర వాడకం ఉంది. మన దగ్గర కృష్ణా జిల్లా నూజివీడు ఒక కేంద్రం (2022 నుంచి ఆ ఊరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది), ఉత్తరాన బొబ్బిలి మరొకటి.

బొబ్బిలి వీణ అంటున్నాం గానీ, చేసేది బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో. సర్వసిద్ధి ఇంటిపేరుగల కుటుంబాలవారు తరాలుగా ఆ పని చేస్తున్నారు. పదిహేడో శతాబ్దంలో సంస్థానం తొలిరోజుల్లోనే వీణ పని మొదలైందని స్థానికుల మాట. ఆ సంస్థానం 1757 జనవరి 24న కోటతో సహా కూలిపోయింది. బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు పంతం, తాండ్ర పాపారాయుడి కత్తి ఇవన్నీ మనం బుర్రకథలో విన్నవే. కోట కోసం చచ్చినవాళ్ళ పేర్లు ఊరూరా పాడుకున్నాం. ఆ ఊరికి దేశమంతటా పేరు తెచ్చిన వస్తువును చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఏ వీణ మీదా లేవు. 2011-12లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక మీదట ఆ పేరు పెట్టి ఎవరుపడితే వారు అమ్మకుండా అది కాపాడుతుంది. కాని అలమారా మీది పాత వీణకు అది పుట్టినతేదీ పత్రం ఇవ్వలేదు. ఆ గుర్తింపు కూడా ఊరికే గానీ మనిషికి కాదు.

ఏకాండ వీణ అంటే కుండా దండీ ఒకే పనసమానులో తొలిచినవి. ఇది గొల్లపల్లివారి గర్వకారణం. పెద్దావిడ గర్వకారణం కూడా అదే. కుండా దండీ కలిసేచోట ఒక తెల్లని పట్టీ ఉంది. అతుకు ఉంటే దాన్ని కప్పేది ఆ పట్టీయే, అతుకు లేకపోయినా అందానికి వేసేది ఆ పట్టీయే. అందుచేత పట్టీని వదిలేసి, దానికి అటూ ఇటూ కర్రలోని నారను చూశాం. కుర్రవాడు టార్చి పక్కవాటుగా పట్టాడు. కుండ అడుగున మొదలైన మూడు ముదురు చారలు పట్టీ కింద దూరి, అవతల దండి మీద అదే వంపుతో బయటికి వచ్చాయి. వేరువేరు ముక్కల్లో అలా కలవడం కుదరదు. ఏకాండమే! పెద్దావిడ ముఖం చూడవలసింది. యాళి ముఖం మాత్రం విడిగా చేసి తగిలించినది. ఏకాండ వీణల్లో కూడా అలా ఉండవచ్చు గనుక దానివల్ల దోషం లేదు.

కాని ఏకాండం అన్నంత మాత్రాన బొబ్బిలి అయిపోదు. పైన చెప్పినట్టు తంజావూరులోనూ ఏకాండం చేస్తారు. ఈ మాట చెప్పడానికి కొంచెం తటపటాయించాను.

ఎక్స్‌రే తీయిద్దామా అని మిత్రుడు అడిగాడు. ఆ ఆలోచన వింతది కాదు. అమెరికాలో స్టీవెన్ సిర్ అనే రేడియాలజిస్టు ఫిడేళ్ళను సీటీ యంత్రంలో పెట్టి, ఎక్కడ ఎంత మందం, ఎక్కడ పురుగు తిన్నది, ఎక్కడ మరమ్మతు జరిగింది అన్నీ కొలిచాడు. 1704లో స్ట్రాడివరి చేసిన "బెట్స్" ఫిడేలుకు ఆ కొలతలతో ప్రతిరూపం చేయించి, 2011లో తన వృత్తివారి సభలో చూపించాడు. అయినా మనుషులు వరుసలో కూర్చున్న యంత్రం మీద వీణను పడుకోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. గొంతు పరీక్షకు వాడే చిన్న గుండ్రటద్దం తీసుకెళ్ళాను.

పైపలక మీద నాదం కోసం వేసే చిన్న రంధ్రాల్లో ఒకటి కొంచెం విరిగి పెద్దదయింది. అందులోంచి అద్దం పోయింది. లోపల ఉలి గంట్లు వరసగా, చేప పొలుసుల్లా కనిపించాయి. బయట అద్దంలా నున్నగా తోమినవాడు లోపల నునుపు చేయలేదు. ఎవరూ చూడని చోటు గదా. పైపలక అడుగున పెన్సిలుతో ఏదో గీత. అద్దంలో తిరగబడి కనిపిస్తోంది. కుర్రవాడు ఫోనుతో ఫోటో తీసి తిప్పి చూపించాడు. తెలుగు ఏడు అంకె. ౭.

ఇల్లంతా సంబరం. తమిళనాట ఈ అంకె ఇలా ఉండదు, కాబట్టి తంజావూరు సందేహం చాలావరకు పోయింది. కాని కన్నడంలో ఏడు కూడా దాదాపు ఇంతే. మైసూరు సంగతేమిటి అంటే, కర్ర పనస, పైన చూపించిన యాళి పోకడ కూడా అటువంటిది కాదు. అందుచేత అది తెలుగు చేయి అనడానికే మొగ్గు. నూజివీడా, గొల్లపల్లా అన్నది ఆ అంకె చెప్పదు. ఏడు అంటే ఆ ఏడాది ఏడో వీణా, ఏడో పలకా, ఏడుగురిలో ఏడోవాడా? గిటారు మీద "వందలో ఇన్నోది" అని గర్వంగా రాసుకున్న అంకె ఒకటి, ఎవరూ చూడకూడని చోట దాచుకున్న ఈ అంకె ఒకటి. నేను ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు దీని గురించే ఆలోచించాను.

తేదీ సంగతి వీణ చెప్పలేదు, దాని పెట్టె చెప్పింది. అటక మీదనుంచి దించిన దేవదారు పెట్టె మూత మీద నల్లరంగుతో ఆవిడ నాన్నగారి చిరునామా రాసి ఉంది. పార్వతీపురం, శ్రీకాకుళం జిల్లా, ఆంధ్ర రాష్ట్రం. పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది 1950 ఆగస్టు నుంచి 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా. "ఆంధ్ర రాష్ట్రం" అన్నది ఇంకా బిగువైన ఆధారం. ఆ రాష్ట్రం పుట్టింది 1953 అక్టోబరు 1న, తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబరు 1న. కాబట్టి పెట్టె ఆ మూడేళ్ళలోది కావాలి. అలవాటుకొద్దీ పాత పేరు రాసే పెద్దలు ఎప్పుడూ ఉంటారు, కాబట్టి కొంచెం తరువాతిదైనా కావచ్చు. తన పదో ఏట వీణ ఇంటికి వచ్చిందని ఆవిడ అన్నారు. లెక్క సరిపోయింది. పార్వతీపురానికి బొబ్బిలి రైలులో పక్క ఊరే, నూజివీడు ఎక్కడో దూరాన. ఇది కూడా బొబ్బిలి వైపే తూగుతుంది. అయితే పెట్టె వయసు పెట్టెదే. అందులో పెట్టిన వీణ అంతకుముందే ఎవరి ఇంట్లోనో మోగి ఉండవచ్చు.

ఇక ఆఖరిది, అసలు ఫారంలో భయపెట్టినది, తెల్లటి పని. ఇక్కడ నా చదువు కాస్త అక్కరకొచ్చింది. ఎముకలోనూ, జింక కొమ్ములోనూ రక్తనాళాలు పోయే సన్నని గొట్టాలుంటాయి. వాటిని హేవర్సియన్ కాలువలంటారు. నునుపు చేసిన ఎముకను భూతద్దంలో చూస్తే అవి చిన్న చిన్న నల్లచుక్కలుగా, పొట్టిగీతలుగా కనిపిస్తాయి. ఏనుగు దంతంలో అవి ఉండవు. దంతాన్ని అడ్డంగా కోసినచోట ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే వంపుగీతల వల కనిపిస్తుంది. వీటికి ష్రేగర్ గీతలని పేరు. ప్లాస్టిక్‌లో చుక్కా ఉండదు, వలా ఉండదు. కాల్చిన సూది గుచ్చి వాసన చూడమని కొందరు చెబుతారు. వస్తువు పాడవుతుంది, ఆ పని చేయకండి.

అంచు పట్టీలన్నింటిలోనూ చుక్కలే. కొమ్మో, ఎముకో, దంతం కాదు. గుర్రం పక్కన రెండు ముక్కలు ప్లాస్టిక్, ఎప్పుడో చేసిన మరమ్మతు. ఇక గండం గడిచిందనుకుంటూ బిరడాలు చూశాను. ఏడు బిరడాల తలల మీదా తెల్లటి బొత్తాలున్నాయి. అవి అడ్డకోత ముక్కలు గనుక భూతద్దం కింద తేలిగ్గా చదవవచ్చు. ఐదింటిలో చుక్కలు. రెండింటిలో, సారణి బిరడా మీదా, పంచమం బిరడా మీదా, గీతల వల స్పష్టంగా ఉంది.

అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చినప్పటినుంచీ ఆసియా ఏనుగు అత్యంత కట్టుదిట్టమైన జాబితాలో ఉంది. ఆఫ్రికా ఏనుగును 1989లో ఆ జాబితాలో చేర్చారు. దంతం ఉన్న వస్తువు, గోరంత ముక్కైనా సరే, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటకూడదు. అన్నట్టు లేబులున్న గిటారుకీ ఈ బాధ తప్పలేదు. 2017 జనవరిలో జిట్రేగి జాతి కర్రలన్నీ ఆంక్షల జాబితాలోకి వచ్చినప్పుడు ప్రపంచమంతా గిటారువాళ్ళు గగ్గోలు పెట్టారు. 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చాక కుదుటపడ్డారు. దంతానికి అటువంటి సడలింపు లేదు. పత్రాల సంగతి చట్టం తెలిసినవారిని అడగమన్నాను. ఆ పత్రాలకు వీణ వయసూ పుట్టుకా రుజువు చేయాలి. ఆ రుజువే మా దగ్గర లేనిది.

ఆ రెండు బిరడాలు తీసేసి కొత్తవి వేయిద్దామని మిత్రుడన్నాడు. నాకు వెంటనే ఔననడం కష్టమయింది. పాత పని ఆనవాళ్ళలో అవీ ఒకటి. పైగా మిగిలిన ఐదింటికీ వీటికీ తేడా ఎందుకో తెలియదు. ఇవే అసలువా, లేక ఐదూ అసలువై, ఇవి ఇంకో వీణనుంచి వచ్చాయా? తీసేస్తే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. పెద్దావిడే తేల్చారు. "మా నాన్న దంతం అన్నారు, రెండైనా నిజమైంది గదా నాయనా. అవి నా దగ్గరుంచు. వీణని పోనీ" అన్నారు.

ఈలోగా బొబ్బిలిలో ఉన్న వాళ్ళ బంధువు ఒకరు ఫోటోలు పట్టుకుని గొల్లపల్లి వెళ్ళి అడిగివచ్చారు. అక్కడి పెద్ద పనివాడొకరు చాలాసేపు చూసి, "మా పని లాగే ఉందండి. మాదే అని ఒట్టేసి చెప్పలేను. అప్పట్లో పేర్లు రాసుకునే అలవాటు లేదు" అన్నారట. ఇప్పుడు అక్కడ పెద్ద వీణలకంటే బహుమతులకిచ్చే చిన్న వీణలకే గిరాకీ ఎక్కువ. వాటికి అట్టపెట్టె ఉంటుంది, దాని మీద "బొబ్బిలి" అని అచ్చు ఉంటుంది.

ఫారం నింపడానికి అందరం కూర్చున్నాం. ఊరు అన్నచోట అమ్మాయి "బొబ్బిలి" అని రాయబోయింది. నేను కలం పట్టుకుని ఆపాను. కొంత వాదన జరిగింది. పెద్దావిడ కాసేపు మాట్లాడలేదు. నా మీద కోపం వచ్చిందనే అనుకున్నాను. చివరికి "బొబ్బిలి ప్రాంతం, కుటుంబం చెప్పినదాన్ని బట్టి" అని రాశారు. కాలం: 1956 ప్రాంతం లేక అంతకుముందు. కర్ర: పనస, ఏకాండం. దంతం: లేదు, రెండు బిరడాలు మార్చబడినవి. అదే విషయం ఒక తెల్లకాగితం మీద వివరంగా రాసి, ఆ ఏడు అంకె ఫోటో, పెట్టె మూత ఫోటో జతచేసి గవుసెన జేబులో పెట్టాం. చేసినవారి పేరు అన్నచోట గీత గీయబోతుంటే, "ఖాళీగా వదలకు, ఏడు అంకె ఉందని రాయి" అన్నారు ఆవిడ. అలాగే రాసింది.

పాత బిరడాలు రెండూ పలచటి గుడ్డలో చుట్టి ఆవిడ అడకత్తెర పెట్టెలో పెట్టుకున్నారు. కొత్తవాటికి ఇంకా రంగు ఆరలేదు. తీగలు సడలించి, మైనం మెత్తబడకుండా తెల్లవారుజాము చల్లదనం చూసుకుని, వీణను కారెక్కించారు.